పసుపు పడవ మీద పడిన శాఖా ముద్ర

తేది: ఈ నెల 12

రేవుల అధికారి గారి దివ్య సముఖమునకు,

రేవులో జనాన్ని దాటించే పసుపు పడవకు రంగు వేసినవాడు, సదరు పడవ యజమానురాలికి స్వయానా తమ్ముడు, రేవంతా "డబ్బా" అని పిలుచుకునే పెయింటరు వ్రాసుకొను అర్జీ.

విషయం: ఇన్‌స్పెక్టరు గారి వెనుక భాగము పడవ కుడి పక్కన అచ్చు పడుట – సదరు అచ్చును చెరపమని ఒక ఉత్తరువు, చెరపవద్దని ఒక ఉత్తరువు అందుట – రెంటిలో ఏదో ఒకటి ఖాయము చేయమని వేడుకొనుట – గురించి.

సూచిక: తమ కార్యాలయపు లేఖలు నం. 411, నం. 412. రెండూ ఒకే రోజువి. రెంటి మీదా తమ సంతకమే.

అయ్యా,

ఇందుమూలముగా సకల జనులకు, ముఖ్యముగా తెల్ల ప్యాంటు తొడిగే జనులకు తెలియజేయడమేమనగా: రంగు అనునది వేసిన వెంటనే తడిగా ఉండును. తర్వాత ఆరును. ఈ రెంటికీ నడుమ కొంత కాలము పట్టును. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. డబ్బా మీద రాసే ఉంది. నేను చదివింది ఏడో తరగతే అయినా డబ్బా మీద రాసింది చదవగలను. తమ శాఖలో అంతకన్నా ఎక్కువ చదివినవారే ఉన్నారని విన్నాను.

ఇక నా బాధలు వరుస నంబర్ల మీద మనవి చేసుకుంటున్నాను.

1. రంగు ఎంపిక. "దాటింపు పడవలన్నియు దూరము నుండి స్పష్టముగా కనబడు ఏకవర్ణము కలిగి ఉండవలెను" అని తమ సర్క్యులరులో ఉంది. ఏ వర్ణమో లేదు. ఎంత దూరమో లేదు. చూసేవాడికి కళ్లజోడు ఉండవచ్చునా లేదా అన్నదీ లేదు. రంగుల షాపాయన దగ్గరికి వెళ్తే కార్డు తీసి పరిచాడు. ఒక్క పసుపులోనే పదిహేడు రకాలు. నేను చవక డబ్బా ఒకటి చూపించాను.

"అది గోడ రంగు" అన్నాడాయన.

"పడవకీ నాలుగు గోడలే కదా?"

"మీ ఇంటి గోడలు రోజూ నదిలో మునుగుతాయా? నెల తిరక్కుండా పొక్కులొచ్చి ఊడిపోతుంది. ఇదిగో, పడవలకేసే ఎనామిల్ ఇది. నీళ్లలో మునిగే భాగానికి ఈ ఎర్రది. నాచూ గుల్లలూ పట్టకుండా కాస్తుంది."

మా అక్క మూడు చెక్క ముక్కలకు ఎరుపు, నారింజ, పసుపు వేయించింది. వాటిని అవతలి ఒడ్డున గుచ్చి, తెల్లవారుజామున మంచులో ఇవతలి ఒడ్డున నిలబడి చూసింది. ఎరుపు నల్లగా కనపడింది. నారింజ బురదలో కలిసిపోయింది. పసుపు ఒక్కటే, ఇక్కడున్నాను అన్నట్టు నిలబడింది. "పసుపే" అంది. తమ శాఖ నాలుగు పేజీల్లో తేల్చలేనిది మా అక్క మూడు చెక్కలతో తేల్చింది. ఈ విషయంలో తమరికి సలహా కావలసివస్తే ఆవిడ రోజూ రేవులోనే ఉంటుంది.

2. రంగు వేయుట. పాత రంగు గీకడానికి మూడు రోజులు. గరుకు కాగితంతో రుద్దడానికి రెండు. చెక్కల సందుల్లో లప్పం, అది ఆరాక మళ్లీ రుద్దుడు, తుడిచి ప్రైమరు. అడుగున ఎరుపు, పైన పసుపు మొదటి పూత, ఒక రోజు ఆగి సన్న కాగితంతో పైపైన రుద్ది రెండో పూత. నది గాలికి చెమ్మ ఎక్కువ కాబట్టి రెండో పూత ఆరడానికి పూర్తిగా రెండు రోజులు వదలాలి. తనిఖీ గురువారం అని తమ నోటీసు. అందుకే లెక్క చూసుకుని మంగళవారం పొద్దున్నే రెండో పూత ముగించాను. నా బతుకులో నేను ముందుచూపుతో చేసిన పని ఇదొక్కటే. దానికి తమ శాఖ ఏం చేసిందో కింద చదవగలరు.

3. తనిఖీ. గురువారం రావలసిన ఇన్‌స్పెక్టరు గారు మంగళవారం పదకొండు గంటలకే వచ్చారు. ఎప్పుడూ మెడలో కొలత టేపు వేసుకుని తిరుగుతారు కనుక రేవులో ఆయన్ను టేపు సారు అంటారు. తమ శాఖవారు చెప్పిన రోజుకన్నా ముందు రావడం నా ఎరుకలో ఇదే మొదలు. ఈ అలవాటు ఇక్కడితో ఆపించగలరు.

ఆయన దుంగల మీద నిలబెట్టిన పడవ చుట్టూ ఒకసారి తిరిగారు. మా అక్క చేతిలో తెడ్డు ఉంది.

"ఎన్నేళ్లుగా తోస్తున్నావమ్మా?"

"పంతొమ్మిది, సార్."

"ఇంకెందుకమ్మా ఈ తెడ్డు? ఇంట్లో గరిటె తిప్పుకోక. మగవాళ్లకిస్తే మోటారు పెట్టుకుంటారు."

అక్క నవ్వి ఊరుకుంది. నేను బ్రష్షు కడుక్కుంటున్నాను.

పిమ్మట ఆయన రిపోర్టు రాసుకోవడానికి ఆసరా వెతికి, పడవ పక్కకు చేరగిలబడ్డారు. అక్కడ "తడి రంగు – తాకరాదు" అని ఎర్ర అక్షరాలతో బోర్డు ఉండెను. ఆయన దానిని చదివినారు. పెదవులు కదలడం నేను చూసినాను. అయినను చేరగిలబడినారు. లేవబోతే చర్రుమని శబ్దము వచ్చెను. పడవ మీద నిలిచినవి: అర్ధచంద్రములు రెండు, నడుమ కుట్టు గీత ఒకటి, వెనక జేబు గుండీ గుర్తు ఒకటి. ప్యాంటు వివరములు తమ లేఖలోనే సవిస్తరముగా ఉన్నవి.

పర్మిట్టు కొనసాగాలంటే పడవకు శాఖ వారి ముద్ర పడవలెనని నిబంధన. ఇంతకన్నా పెద్ద ముద్ర ఏ శాఖలోనూ వేసి ఉండరని నా నమ్మకం.

4. ఉత్తరువులు. లేఖ 411: "పడవ కుడి పక్కన ఏకవర్ణము చెడినది. ఇరవయ్యో తేదీ లోపు సరిచేయనిచో పర్మిట్టు రద్దు." లేఖ 412: "విధి నిర్వహణలోనున్న ఉద్యోగి దుస్తులకు జరిగిన నష్టముపై విచారణ ముగియు వరకు సదరు గుర్తును సాక్ష్యముగా భావించి యథాతథముగా ఉంచవలెను." విచారణ తేదీ వచ్చే నెల.

సరిచేస్తే సాక్ష్యం చెరిపినవాణ్ణి. చేయకపోతే పర్మిట్టు పోతుంది. పర్మిట్టు పోతే రేవు హక్కు వరుసలో తర్వాతివాడికి పోతుంది. అది మళ్లీ మా అక్కకు రాదు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ ఒక్క మనిషిని కూడా తడవనివ్వకుండా అవతలికి దించింది. ఆ పడవ ఇప్పుడు దుంగల మీద, ఇన్‌స్పెక్టరు గారి జ్ఞాపకాన్ని మోసుకుంటూ కూర్చుంది. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నిన్న ఒకాయన తనదీ ఆనించి సైజు సరిచూసుకున్నాడు.

ఈ సంగతి తమ ఆఫీసు గుమస్తా గారి చెవిన వేస్తే "రెండు లేఖలకూ విడివిడిగా జవాబు రాసుకో, కలిపి అడిగితే ఫైలు కదలదు" అన్నారు. అచ్చు ఒక్కటే కదా, ఎలా విడదీయను? కుడి చంద్రుడికి ఒకటి, ఎడమ చంద్రుడికి ఒకటి రాయమంటారా?

5. నా నిర్దోషిత్వమునకు రుజువుగా సదరు బోర్డును ఈ అర్జీతో పాటు దాఖలు చేస్తున్నాను. తమరు దానిని స్వహస్తములతో, రెండు చేతులా పట్టుకుని, కిటికీ వెలుతురులో పెట్టి నిదానముగా పరిశీలించవలసినదిగా ప్రార్థన. బోర్డుపై కనబడు కత్తి గీతలు కాలప్రభావము వలన ఏర్పడినవి. సదరు బోర్డు నుండి ఉల్లిపాయ వాసన వచ్చిన యెడల అది ఈ విచారణకు సంబంధము లేని విషయము.

కావున ఆ అచ్చు మీద ఒక్క పూత పసుపు వేసుకొనుటకు అనుమతి దయచేయించవలెను. ఇంతవరకు చదివిన ఓపికతోనే జతపరచినవి కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డబ్బా (పెయింటరు)

జతపరచినవి: తమ లేఖలు రెండు. బోర్డు ఒకటి.

తా.క.: పర్మిట్టు అక్క పేరున ఉంది కాబట్టి నా సంతకం పక్కన ఆవిడ సంతకం కూడా ఉండాలన్నారు. అర్జీ చదివి వినిపించాను. మూడో నంబరు దగ్గర ఆపింది.

"ఆగు. ఏ బోర్డు?"

"తడి రంగు బోర్డక్కా."

"నేనక్కడే ఉన్నాను కదరా. నాకు కనపడలేదే?"

"అదుగో, గుమ్మం పక్కన."

పోయి చూసి వచ్చింది. "అది నా కూరగాయలు తరిగే చెక్క. పొద్దుట్నుంచీ ఇల్లంతా వెతుకుతున్నాను."

నేను కలం ఆవిడ చేతికిచ్చాను.

"ఇరవయ్యేళ్లు కావొస్తోంది, జనం నా మాట నమ్మి పడవెక్కుతున్నారు. అబద్ధం కింద నా సంతకం పెట్టను. పడవ పోతే పోనీ." ఇలా అని కలం బల్ల మీద పెట్టేసింది. పోతే పోనీ అంటూ కిటికీలోంచి పడవ వంకే చూస్తోంది.

కొత్త కాగితం మీద రాద్దామంటే దీనికి స్టాంపు అంటించేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మంగళవారం అక్కడ బోర్డు లేదు. టేపు సారు పెదవులు కదిలాయన్న మాట నిజమే, కానీ ఆయన చదివింది బోర్డు కాదు. "ఎక్కడైనా ఆనుకోవచ్చా?" అని నన్ను అడిగారు. "ఆనుకోండి సార్, రాత్రే ఆరిపోయింది" అన్నాను. ఆ గరిటె మాటకు ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోయాను. అక్కకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. తిట్టింది. ఆ తర్వాత అటు తిరిగి చాలాసేపు దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నేరం ఒప్పుకున్నాను కనుక ఇక విచారణ అక్కర్లేదు. విచారణ లేదు కనుక సాక్ష్యం అక్కర్లేదు. సాక్ష్యం అక్కర్లేదు కనుక పూత వేసుకోనివ్వండి. ప్యాంటు నేను కుట్టించి ఇస్తాను, అదే తెలుపులో. శిక్ష ఏదైనా నాకే వేయండి, పడవకు వేయకండి. ఈ మాట రాశాకే అక్క సంతకం పెట్టింది. కింద చూడగలరు.

చివరి మాట ఒకటి. నిజానికి ఇది మొదట్లోనే రాయాల్సింది. జతపరచిన బోర్డును చూసి పట్టుకోగలరు. నున్నగా కనపడాలని రెండు వైపులా మా పసుపే వేశాను. నిన్న సాయంత్రం వేసింది. ఇంకా ఆరలేదు.