కొండరాయి, ఫ్యాక్టరీ రాయి, రెండు చెంపలు

కోడలికి,

ముందు ఆశీస్సులు. కోపం తర్వాత. పద్ధతి పద్ధతే.

ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదు మామయ్యా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరానికి ఆ సదుపాయం లేదు కాబట్టి రాస్తున్నాను. మోకాలి వైద్యానికని పెద్దమ్మాయి ఇంట్లో కూర్చున్నాను గానీ నా ప్రాణమంతా మన కటింగ్ షాపులోనే ఉంది. నీ మొగుడు కత్తి చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. బస్సులో కత్తులుండవు కాబట్టి డ్రైవరయ్యాడు. అందుకే షాపు తాళం నీకిచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పాను, గడ్డం కత్తులు నా కొండరాయి మీదే నూరాలని.

నిన్న లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. నువ్వు నా రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి ఆటలాడుతున్నావట! ఆయన గడ్డానికి వస్తే "ఆగండి, ఈ గీతలు పోవాలి" అన్నావట. కత్తులు నూరే రాయి మీద ఆటలేమిటమ్మా? పైగా రంగురంగుల ఫ్యాక్టరీ రాళ్ళు కొన్నావట. రంగు చూసి కొనడానికి అవేమైనా పిల్లల బొమ్మలా?

పక్క సెల్‌ఫోన్ల షాపువాడు మన షాపు కూడా కలుపుకుంటానని ఎప్పటినుంచో నా వెంట పడుతున్నాడు. ఈ నెలాఖరులోగా ఆ ఫ్యాక్టరీ రాళ్ళు బయటికి వెళ్ళకపోతే తాళం వాడి చేతికి వెళుతుంది.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఆటలో ఎవరు గెలిచారో రాయి. మాస్టారు కనుక్కోమన్నాడు.

*

మామయ్యగారికి,

నమస్కారాలు. మోకాలు ఎలా ఉంది? చేతులు మాత్రం దివ్యంగా ఉన్నట్టున్నాయి, అంత పొడుగు ఉత్తరం రాశారు.

అది ఆట కాదు. మీ రాయి నడుమ గుంట పడింది. కత్తి పెడితే రెండు కొసలే రాయికి తగులుతున్నాయి, మధ్యభాగం గాల్లో ఉంటోంది. అందుకని గాజుపలక మీద సాండ్ పేపరు పరిచి, నీళ్ళు చల్లి, రాయిని బోర్లించి రుద్దాను. ఎత్తుగా ఉన్నచోట పెన్సిల్ గీతలు ముందు చెరిగిపోతాయి, గుంటలో మిగిలిపోతాయి. అన్నీ పోయాయంటే రాయి చదునైనట్టు. మాస్టారికి ఇదంతా చెప్పాను. చెవుల దాకా నురగ ఉండి ఆయన సరిగ్గా విన్నట్టు లేరు.

ఫ్యాక్టరీ రాళ్ళు మూడు కొన్నమాట నిజమే. గరుకుది అంచు సరిచేయడానికి, నడిమిది పదునుకి, నున్నటిది మెరుగుకి. ఇవాళ ఎలా నూరుతాయో రేపూ అలాగే నూరుతాయి. మీ కొండరాయికి రోజుకో బుద్ధి. అచ్చం ఎవరిలాగో రాయను, మీరు పెద్దవారు.

ఇక తాళం సంగతి. ఆడమనిషి చేతిలో కత్తి చూసి మొదట్లో జనం గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. ఒకాయన "మీ ఆయన ఎప్పుడొస్తాడు?" అని అడిగి, బస్సు నడుపుతాడని తెలిసి, బస్టాండుకి కూడా వెళ్ళాడు. ఇప్పుడు ఆయనే పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఈ కుర్చీ నేను సంపాదించుకున్నాను మామయ్యా. సెల్‌ఫోన్లవాడికి ఇవ్వదలిస్తే ముందు నన్ను కుర్చీతో సహా ఎత్తి వీధిలో పెట్టమనండి.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: నేనే గెలిచాను. రాయి చదునైపోయింది.

*

కోడలా,

ఆశీస్సులు ఈసారి సగమే.

ఎంత పని చేశావు! ఆ గుంట దానంతటది పడిందనుకున్నావా? నేను చేసుకున్నది! నా పెళ్ళి కాకముందు నుంచీ నూరి నూరి చేసుకున్నది. ఆ గుంటకి తగ్గట్టే నా కత్తి అంచుకి కాస్త పొట్ట వచ్చింది. ఆ రెండూ పాత మొగుడూ పెళ్ళాల్లా ఒకదానికొకటి కుదురుకున్నాయి. నువ్వు వెళ్ళి పెళ్ళాన్ని సాపు చేసి కూర్చున్నావు. ఇక ఆ మొగుడి గతేమిటి?

ఇదంతా చూస్తే అసలు నీకు పదునంటే ఏమిటో తెలియదని అర్థమైంది. ఫ్యాక్టరీ రాయి కత్తిని తెగేలా చేస్తుంది, అంతే. కొండరాయి కత్తికి మర్యాద నేర్పుతుంది. అది చెంప మీద నడుస్తుంటే నడుస్తున్నట్టే తెలియదు. నేను కళ్ళు మూసుకుని చెప్పగలను ఏది ఏ రాయి మీద నూరిందో.

సెల్‌ఫోన్లవాడిని వచ్చి షాపు కొలతలు తీసుకోమన్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: పెద్దమ్మాయి నా భుజం మీంచి ఈ ఉత్తరం చదివి నవ్వుతోంది. ఎవరి పక్షమని అడిగితే "చదునైన పక్షం" అంటోంది. ఇంటిల్లిపాదికీ ఎవరో నూరిపోశారు.

*

మామయ్యగారికి,

నమస్కారాలు, పూర్తిగానే.

కళ్ళు మూసుకుని చెప్పగలనన్నారుగా? అయితే రండి. మీ కుర్చీలోనే కూర్చోండి. ఒకేలాంటి కత్తులు రెండు నూరి పెడతాను. ఒకటి ఆసాంతం మీ కొండరాయి మీద మీరు చెప్పినట్టు నూనె వేసి, ఒకటి ఆసాంతం నా రాళ్ళ మీద నీళ్ళతో. కళ్ళకి తువ్వాలు కడతాను. ఎడమ చెంప ఒకదానితో, కుడి చెంప ఇంకోదానితో. ఏ చెంప ఏ రాయో మీ చెంపే చెప్పాలి.

సరిగ్గా చెబితే తాళం నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. సెల్‌ఫోన్లు కాదు, ఏనుగుల్ని అమ్ముకున్నా అడగను. చెప్పలేకపోతే షాపు నాది, ఏ రాయి మీద నూరాలో కూడా నా ఇష్టం. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. భయమైతే మోకాలి నొప్పి అని రాయండి, నమ్మినట్టు నటిస్తాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: మీరు పంపినాయన టేపు పట్టుకుని వచ్చాడు. గడ్డం మాసి ఉంటే కూర్చోబెట్టి గీసి పంపాను. మళ్ళీ శనివారం వస్తానన్నాడు. కొలతలకి కాదు, గడ్డానికి.

*

కోడలికి,

ఆశీస్సులు, ధారాళంగా. గెలిచినవాడికి పిసినారితనం ఎందుకు?

నిన్న నీ చేత గడ్డం గీయించుకోగానే తీర్పు అక్కడే చెప్పేవాణ్ణి. బెంచీ మీద మాస్టారూ, సెల్‌ఫోన్లవాడూ, ఇంకా సగం వీధీ కూర్చుని ఉంటే నీ పరువు తీయడం ఇష్టంలేక ఉత్తరం రాస్తానని బస్సెక్కాను.

ఎడమ చెంప కొండరాయి. అనుమానమే లేదు. పట్టుగుడ్డ జారినట్టు జారింది. కుడి చెంప నీ ఫ్యాక్టరీ రాయి. కత్తి తగలగానే తెలిసిపోయింది. గరుకు, మంట, ఇక్కడికి వచ్చేదాకా చురచురలాడుతూనే ఉంది.

నీ చేయి మంచిదేనమ్మా, అది ఒప్పుకుంటాను. రాయి దగ్గరే దెబ్బతిన్నావు. మాట ప్రకారం తాళం పంపు. అంతగా ఏడుపొస్తే సెల్‌ఫోన్లవాడి దగ్గర లెక్కలు చూసే పనికి నేను చెబుతాను.

ఇట్లు,
కొండరాయి మామయ్య

తా.క.: చదును చేసినా నా రాయి గుణం పోలేదు, చూశావా!

*

మామయ్యగారికి,

నమస్కారాలు.

వేడినీళ్ళు తేవడానికి నేను లోపలికి వెళ్ళగానే మీరు అటూ ఇటూ చూసి, బల్ల మీది కత్తులు రెండూ ఒక్కొక్కటే ఎత్తి వాసన చూశారు. నూనె వాసన వచ్చినదాన్ని, ఎడమ చెంపకి అదే వస్తుందని, ఎడమవైపు పెట్టుకున్నారు. బెంచీ మీదవాళ్ళని చూపుడువేలితో ఊరుకోమన్నారు. ఇంతకాలం కటింగ్ షాపు నడిపిన మనిషి, గోడ నిండా అద్దాలుంటాయన్న సంగతి ఎలా మర్చిపోయారండీ?

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. నా పనిని మీ చెంపతో కొలవమని పిలిస్తే మీరు ముక్కుతో కొలిచారు. అందుకని మీ కళ్ళకి తువ్వాలు కట్టాక ఆ రెండు కత్తులూ తీసి సొరుగులో పడేశాను. రోజూ వాడుకునే నా కత్తి తీసుకున్నాను. ఎడమ చెంప దాంతోనే గీశాను. కుడి చెంపా దాంతోనే గీశాను. బెంచీ మీద అందరూ చూశారు. మీరు తీర్పు రాసి పంపేదాకా నోరు విప్పొద్దని నేనే చెప్పాను.

పట్టుగుడ్డా అదే, చురచురా అదే. ఆ కత్తి ఏ రాయి మీద నూరానంటారా? చెప్పను. మీరు ఏ రాయి పేరు చెప్పినా నేను రెండోదే అంటాను.

ఇట్లు,
మీ షాపు ఓనరు, మీ కోడలు

తా.క.: ఇంకొకళ్ళ కత్తి కింద మీరు గడ్డం పెట్టడం అదే మొదటిసారని అత్తయ్య చెప్పింది. ఎడమ చెంప గీస్తున్నంతసేపూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. కుడి చెంపకి వచ్చేసరికి, మీరు గరుకూ మంటా అని రాసిన ఆ చెంపకే, చేతులు వదిలేసి నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. మీరు లేచిపోతారని మాస్టారు దగ్గు ఆపుకుని కూర్చున్నాడు, నేను ఆ చెంపని కావాలనే నెమ్మదిగా గీశాను. తాళం పంపడం లేదు.