ఎల్సీ వైర్‌లెసూ, నా నోరూ

డిసెంబర్ 1, సోమవారం
నా బిడ్డ ఎల్సీ సెమీ క్రిస్మస్ నాడు మా గుడిల గిటార్ వాయిస్తది! దేవునికి స్తోత్రం. పటాన్‌చెరు మందుల కంపెనీల ప్యాకింగ్ చేసే పిల్ల. డ్యూటీ దిగినంక ఫోన్‌ల చూసి నేర్చుకున్నది.

క్వయర్ పెద్ద ప్రవీణ్‌కుమార్ "ఒక్క చాన్స్. మంచిగైతే క్రిస్మస్ నాడు గూడ నువ్వే. లేకుంటే మల్ల మా బిల్లీనే" అన్నడట. బిల్లీ ఆయన కొడుకు. వాడు మీటితే తీగలు ఏడుస్తయి.

మొన్న గుడిల కోత పండుగకు కానుకలు వేలమేస్తే పాడుకున్న గుమ్మడికాయ ఎత్తుకొని వస్తుంటే, బిల్లీ గిటార్ వైరు కాలికి తట్టుకొని పడ్డ. గుమ్మడికాయ పాస్టరయ్య ఒళ్లెకు పోయింది. అందుకే ఎల్సీకి వైరు లేని సెట్టు కొంట. నా చేతులతోనే బిగిస్త.

ఎల్సీది ఒక్కటే షరతు: "డాడీ, మనోళ్లెవ్వరికి చెప్పకు. ముందు నన్ను వాయించనియ్."

ఒట్టు పెట్టొద్దని వాక్యంల ఉంది. అందుకని మాట మాత్రం ఇచ్చిన.

డిసెంబర్ 2
ఎవ్వరికి చెప్పలే. ఎంత హాయిగున్నదో. పక్కింటి యాదన్న "ఏంది దావీదన్నా, మొఖం గట్ల వెలుగుతుంది?" అన్నడు. సబ్బు మార్చిన అన్న.

డిసెంబర్ 4
సికింద్రాబాద్ పోయిన. వాయిద్యాల దుకాణం హరినాథ్‌ది. "ఇంట్ల బ్లూటూత్ డబ్బా ఉంది, దానికే కలపరాదా?" అనడిగిన.

"కలపొచ్చు పెద్దాయనా. కాని దాంట్ల పాట లేటుగ వస్తది. అందరు ఆమెన్ అన్నంక మీ పాప గిటార్ వినపడ్తది."

పెద్ద కంపెనీది చూపిచ్చిండు. ధర విని కుర్చీ అడిగిన. ఆఖరికి మన తాహతుకు తగ్గది దొరికింది. బొటనవేలంత ముక్కలు రెండు. గిటార్‌ల గుచ్చేది పాట పంపుతది, యాంప్‌ల, అంటే పాట మోగే డబ్బాల గుచ్చేది అందుకుంటది. రెండు ఒకే ఛానల్ మీద ఉండాలె. ముందే ఛార్జింగ్ పెట్టాలె.

ఇంకో మాట గట్టిగ చెప్పిండు: "చవుకది గదా, ఫోన్ల వైఫై నడిచే దారిలనే ఇది నడుస్తది. పక్కన నలుగురు హాట్‌స్పాట్ పెడితే పాట తెగుతది. యాంప్ దగ్గరికి ఫోన్లు రానియ్యకుండ్రి."

బస్సుల పక్క సీటాయనకు చెప్పిన. ఆయన జహీరాబాదోడు. లెక్కకు రాదు.

డిసెంబర్ 5
బిగిచ్చిన. ఉలుకు లేదు, పలుకు లేదు. చవుకదని మోసం జేసిండు హరినాథ్.

నా భార్య సుకుమారి: "జెర అటుది ఇటు పెట్టి చూడరాదు."

పంపేది యాంప్‌ల, అందుకునేది గిటార్‌ల పెట్టిన నేను. మార్చిన. మోగింది. ఎల్సీ వాయించుకుంట వంటింట్లకు పోయింది, వాకిట్లకు పోయింది. పాట తెగలే. నాకు కండ్లల్ల నీళ్లు.

యాదన్న గోడ మీదికెళ్లి చూసిండు. సగం చూసినోన్ని గట్లనే ఇడిస్తే ఏం మర్యాద? మిగిలింది చెప్పిన.

డిసెంబర్ 7, ఆదివారం
మా ఇంట్ల కాటేజ్ ప్రార్థన. "ప్రార్థన అంశాలేమన్న ఉన్నయా?" అని పాస్టరయ్య అడిగిండు. ఇంట్ల పెద్దను, ఊకె కూసుంటే బాగుండదు. "మా ఎల్సీ సెమీ క్రిస్మస్ నాడు వైరు లేని గిటార్ వాయిస్తది, దాని వేళ్ల కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అన్న.

అందరు పోయినంక ఎల్సీకి చెప్పిన: "నేను చెప్పలే బిడ్డా. ప్రార్థన అంశం పెట్టిన, అంతే."

"దేవునికి చెవులున్నయి డాడీ. మైకు అక్కర్లేదు."

డిసెంబర్ 9
ప్రార్థన అంశం గుడి వాట్సాప్ గ్రూపుల ఎక్కింది. బొంతపల్లి నుంచి సుకుమారి అన్న సత్తయ్య ఫోన్: "ఏం బావా, లోకమంత తెలిసినంక నాకు తెల్వాల్నా?"

నిజమే గదా. మిగిలినోళ్లు గట్ల బాధపడొద్దని అందరికి ఫోన్లు జేసిన. న్యాయం అంటే న్యాయమే.

డిసెంబర్ 12
ఖాళీ గుడిల ప్రాక్టీస్. సెట్టు బంగారం లెక్క నడిచింది. "చూద్దాం తియ్" అన్నడు ప్రవీణ్‌కుమార్.

డిసెంబర్ 13, సెమీ క్రిస్మస్
మనోళ్లు ఆటోల మీద ఆటోలు దిగిండ్రు. దూరమెల్లి వచ్చినోళ్లని ముందు వరుసల కూసోబెట్టిన. యాంప్ పక్కనే.

మొదటి చరణం అద్భుతం. అప్పుడు సత్తయ్య బావ వియ్యపురాలికి వీడియో కాల్ కలిపిండు. పక్కన కూసున్న మా వదినకు డేటా అయిపోయిందట. "నా హాట్‌స్పాట్ తీస్కో" అన్నడు బావ. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు. గిటార్ గుర్రుమంది. తెగింది. మల్ల వచ్చింది. మొత్తానికే పోయింది.

ప్రవీణ్‌కుమార్ సైగ చేసిండు. బిల్లీ గిటార్ సంచి విప్పుకుంట లేచిండు. "ఫోన్లు బంజెయ్యుండ్రి" అని నేను ఒర్లిన. దాన్ని గూడ వీడియో తీసిండ్రు.

ఎల్సీ ముక్కలు రెండు పీకి నా చేతుల పెట్టింది. బిల్లీ సంచిలకెళ్లి వైరు గుంజుకున్నది, గుచ్చింది. పాట ఎక్కడ తెగిందో అక్కడికెళ్లే అందుకున్నది. ఎవ్వరు తట్టుకోకుండ నేను వైరు పక్కన కావలి నిలవడ్డ.

ఇంటికొస్తుంటే ఒక్క మాటన్నది: "సెట్టు మంచిదే డాడీ. చుట్టాలే ఎక్కువైండ్రు."

డిసెంబర్ 15
ప్రవీణ్‌కుమార్ ఫోన్: "మీ పాప డ్యూటీల ఉన్నట్టుంది, ఎత్తుతలేదు. పాట తెగినా బెదరలే. క్రిస్మస్ నాడు గూడ ఆమెనే వాయించాలె." స్తోత్రం, స్తోత్రం.

సెట్టు మల్ల ఛార్జింగ్ పెట్టిన. ఈసారి గట్టి తీర్మానం. ఎవ్వరికి చెప్ప. కాని ఫోన్లు ఇంట్ల పెట్టి రావాల్నని చెప్పాలంటే, ముందు సంగతి చెప్పాల్సిందే గదా. తప్పక చెప్పాల్సినోళ్లు:

సత్తయ్య బావ. ముందు హాట్‌స్పాట్ సంగతి, తర్వాత శుభవార్త.
కిష్టారెడ్డిపేట వనజ చెల్లె. చెప్పకుంటే యాడాది మాట్లాడదు.
మా మేనత్త. చెవులు వినపడవు, వీధంత వినపడేటట్టు చెప్పాలె.
సుకుమారి. వంటింట్లనే ఉన్నది.
ఎల్సీ. అయ్యో, దానికింకా తెల్వనే తెల్వది.