సొంబ్రన్న తిన్నాక నేను

సొంబ్రన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. కాఫీ పళ్లు కోస్తూ నువ్వు చెప్పిన కథలను పుస్తకంగా వేశాను. నిన్న అరకు లైబ్రరీలో చదివి వినిపించాను. జనం రారేమోనని, సమోసాలూ ఉంటాయని ముందే చాటించాను. ఖాళీ కడుపుకి కథ ఎక్కదని అనేవాడివి కదా! మీ ఊరివాళ్లు జీపు నిండా దిగారు.

సంతకానికి పెన్ను తీయగానే మీ చెల్లెలు చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నా! కొత్త మామిడికాయైనా పోయిన పెద్దోళ్లకి పెట్టకండా తింటామేటి? ముందు మా అన్నకి రాయి."

మొదటి పుస్తకం నీ పేరున రాశాను. ఆమె దాన్ని అడ్డాకు విస్తరి మీద పెట్టి, పక్కనొక సమోసా ఉంచింది. అప్పటిదాకా ఒక్కరూ తమ పుస్తకం తెరవలేదు.

కాసేపటికి ఆ సమోసా నా చేతిలో పెట్టి, "తినన్నా, మా అన్న తినీసినాడు" అంది.

చల్లారిపోయింది గాని, నాకు మిగిల్చినందుకు సంతోషం.