దూరపు లెన్సు

మార్చి 6, మధ్యాహ్నం 3
ఈ రేవుకొచ్చి రెండు రోజులు. లాడ్జి బాల్కనీ లోంచే తీస్తున్నాను. కింద ఒక ముసలాయన బోర్లించిన పడవ పగుళ్లకి తారు పూస్తున్నాడు. జూమ్ లెన్సు 200 దాకా లాగి తొమ్మిది ఫ్రేములు వరసగా కొట్టాను. ఆయనకు నేను కనపడను. నాకు కావలసిందీ అదే.

పక్కనున్న ఆయన కూతురికి కనపడ్డాను. మెట్లెక్కి వచ్చింది. అడిగి తీశారా అంది. లేదన్నాను. చాటు నుంచి తియ్యడానికి మా నాన్నేమైనా కొంగా అంది. నా ఎదురుగా తీసెయ్యండి అంది. తెర మీద ఉన్నదాన్ని డిలీట్ చేశాను. చూసి వెళ్లిపోయింది.

నేను డిలీట్ చేసింది ఒక్కటే. ఎనిమిది ఉన్నాయి.

మార్చి 9
ఇంటికొచ్చాక ఎనిమిదీ చూశాను. ఇంత మంచి ఫోటోలు ఎప్పుడూ తియ్యలేదు.

మార్చి 22
లెన్సుల షాపుకి వెళ్లాను. షాపాయన్ని నేను అద్దాలాయన అంటాను. 400 లెన్సు కావాలని అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. ఇంకా దూరం నుంచి తీస్తే ఎవరూ గొడవకు రారు కదా అన్నాను.

నా కెమెరా కార్డు కంప్యూటర్‌కి పెట్టి నా ప్రయాణాల ఫోటోలన్నీ తిరగేశాడు. దాదాపు అన్నీ 200 లోనే ఉన్నాయి. సగం వీపులే. నువ్వు ఊళ్లు తిరిగి వీపులు మోసుకొస్తావని మా వదిన వెక్కిరిస్తూనే ఉంటుంది. ఇది నీ స్టైలా, భయమా అన్నాడు అద్దాలాయన. నా ఉద్యోగం కూడా అంతే. ఎక్స్‌రే గదిలో గాజు వెనక నిలబడి, ఊపిరి బిగపట్టండి అని బటన్ నొక్కడం.

400 బదులు ఒక చిన్న 35 లెన్సు నా చేతిలో పెట్టాడు. అరచేతిలో ఇమిడిపోయింది. దీంతో మొహం తియ్యాలంటే మనిషి దగ్గరికి పోవాలి, ఆ మనిషి నీతో మాట్లాడుతుంది, తట్టుకోగలిగితే ఉంచుకో, లేకపోతే తిరిగిచ్చి 400 పట్టుకెళ్లు అన్నాడు.

ఏప్రిల్ 11
ఫోటో తియ్యనా అని మా వార్డు ఆయాని అడిగాను. చేతులు తుడుచుకుని, జడ ముందుకేసుకుని నిలబడింది. నేనే కదిలాను, ఫోటో మసగ్గా వచ్చింది. ఇంకోటి తియ్యమంది.

మే 2, ఉదయం
మళ్లీ అదే రేవు. లెన్సుల్లో 35 ఒక్కటే తెచ్చాను. ఆ పెద్దాయన్ని అడిగి ఒక్క ఫోటో తీద్దామని. ఏమని అడగాలో బస్సులో బట్టీ పడుతూనే ఉన్నాను.

పడవ దగ్గర కూతురొక్కతే ఉంది. గుర్తుపట్టింది. నాన్న పోయి మూడు వారాలైంది అంది. నిద్రలోనే పోయాడట. తనే మళ్లీ, ఆ రోజు ఫోటో నిజంగానే పోయిందా అక్కా అంది. గుర్తింపు కార్డు మీది తప్ప ఆయన ఫోటో ఒక్కటీ లేదట. అందులో ఎవరో దొంగలా ఉంటాడట.

పోయిందన్నాను.

ఉందంటే ఆ రోజు మోసం చేశానని ఒప్పుకోవాలి. అందుకే అన్నాను. ఇంకో కారణం లేదు.

మే 2, సాయంత్రం 5
లాడ్జికి తిరిగొచ్చాను. ఎనిమిదీ వెంట తెచ్చిన లాప్‌టాప్‌లో ఉన్నాయి. బజార్లో స్టూడియో ఏడింటి దాకా తెరిచి ఉంటుందట.

మే 3
ప్రింట్లు తీసుకెళ్లి ఇచ్చాను. నిలబడే చూసింది. ఒక్కోదాని దగ్గరా ఆగింది. చాలాసేపు పట్టింది. తర్వాత, అయితే ఆ రోజు అబద్ధమాడావు అంది. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. అవునన్నాను. నిన్న కూడానా అంది. అవునన్నాను.

ఆరో ఫోటోలో ఆయన సూటిగా లెన్సులోకి చూస్తున్నాడు. నన్ను చూశాడు, చూసి కూడా ఊరుకున్నాడు అన్నాను. తను తల అడ్డంగా ఊపింది. నాన్న కంటికి పడవ అవతలి కొస కూడా ఆనేది కాదు, ఎండకి మొహం అలా పెట్టేవాడు, నీ మనసుకి సర్దిచెప్పుకోకు అంది.

నాకు ఏడుపొచ్చింది. తను ఏడవలేదు.

ఇవి నా దగ్గర ఉంటాయి, నీ దగ్గరవి తీసెయ్ అంది. పడవ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి, తను చూస్తుండగా ఎనిమిదీ తీసేశాను. కెమెరా కార్డు లోవి కూడా. ఈసారి లెక్కపెట్టింది.

వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. ఇవి ఉన్నందుకు సంతోషమే, నువ్వు తీసిన తీరుకి కాదు అంది.

మే 4
35 ఉంచుకుంటానని అద్దాలాయనకు మెసేజ్ పెట్టాను. రేవుకి వెళ్లి, నీ ఫోటో తియ్యనా అని తనని అడిగాను. వద్దంది. ఈ చెక్క చివర పట్టుకో, మేకు కొడతాను అంది.

కెమెరా సంచిలో పెట్టి, పట్టుకున్నాను.