జేఠీ అక్క ఖాళీ నుదురు

జేఠీ అక్కకు,

ఈ దశైం పండగకి రానని కబురు పంపావు. మాయిలీ అక్క అన్న మాటకే అని తెలుసు. "ముందు పుట్టి జేఠీ అనిపించుకుంటే సరా, అమ్మ పోయాక అమ్మవైపోతావా?" అంది. దానిది నడిమి పిల్ల నోరు, నీకు తెలియనిదా.

మొన్న నిరుటి పండగ ఫొటో చూశాను. మా ఇద్దరి నుదుళ్ల నిండా నువ్వు పెట్టిన టీకా, పెరుగూ కుంకుమా కలిపిన బియ్యం ఎర్రగా మెరుస్తున్నాయి. మధ్యలో నీ నుదురు ఖాళీగా ఉంది. టీకా పెద్దవాళ్లే పెట్టాలి కదా. నీకు పెట్టేవాళ్లు ఇంట్లో లేరు.

ఫొటో మాయిలీ అక్కకు చూపించాను. అప్పటికప్పుడు బస్సెక్కి ఇలాం వెళ్లి, అమ్మ వాళ్ల అక్కను వెంటబెట్టుకొచ్చింది.

పెద్దమ్మది వచ్చినప్పటినుంచీ ఒకటే గోల.

"ఆ చంటిది ఇంకా రాలేదేమే? దాని టీకా నేనే కలపాలి."

ఇంటికి చిన్నదాన్ని, కాంఛీని నేనే కదా అని, "ఇక్కడే ఉన్నాను పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు కాదే కాంఛీ," అని విసుక్కుంది. "మా జేఠీ."