మంద ఆగిన చోటు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే వికారాబాద్ కాలేజీలో దేశం బాగుపడిందా లేదా అని చర్చ పెట్టారు. నైజీరియా నుంచి చదువుకోను వచ్చి తెలుగు నేర్చుకున్న యొరుబా జాతి అబ్బాయి, తన ఊరిని ఒకప్పుడు ఒక వేటగాడు నీళ్లున్న చోటు చూసి కట్టాడని గర్వంగా చెప్పాడు. వెంటనే మన లావణ్య లేచింది. మనం గొర్రెల కాపరులమని స్నేహితులకు కూడా చెప్పని నీ మనవరాలు!

"మా ఊరు కట్టింది గొర్లకాపర్లే. మా తాత చెప్తుండె. గిప్పుడు గా ఊర్ల మంద నిలవనీకె జాగ లేదు. గిదేం బాగుపడుడు?"

హాలంతా చప్పట్లు! ఆ అబ్బాయి పరుగున వచ్చి, మీ తాతను కలవచ్చా అన్నాడు.

"తాత లేడన్నా. ఆయన కథలన్నీ మా అమ్మకు ఎర్కే. ఇంటికి రా," అంది.

ఆదివారం తాండూరులో మన ఇంటికి వస్తున్నాడు. ఏ కథతో మొదలుపెట్టను, నాయినా?

నీ బిడ్డ