అన్నయ్య హాలుకి దారి

బజారు చివర బట్టలు కుట్టుకునే దర్జీని, ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాణ్ణి, నా ఇష్టంతో నా చేత్తో రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఒళ్ళు చెడింది గానీ బుద్ధి స్థిరంగానే ఉంది. ఈ రోజు చుక్క ముట్టలేదు. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేసే మనిషికి ఈ సంగతే తెలియదు.

1. నా కుట్టుగది, గోడలు తలుపులతో సహా, నా తదనంతరం సర్వహక్కులతో మా కోడలికి చెందాలి. కొడుక్కి కాదు. కారణం కింద రాశాను.

2. పక్కనే మా అన్నయ్య మందు షాపు. జనం కూర్చుని తాగే హాలు నా గది వెనకాల. దానికి దారి నా గది వెనక తలుపొక్కటే. అద్దె అడగాలంటే నాకు మొహమాటం. ఆయన అద్దె బదులు రోజూ సాయంత్రం నా మిషను మీద గ్లాసు పెట్టించేవాడు. కడుపులో నొప్పి లేచి వీపులోకి పొడుస్తుంటే, "ఇంకోటి పడితే అదే సర్దుకుంటుంది లేరా" అన్నాడు. సర్దుకోలేదు. లివరు గట్టిపడిపోయిందనీ, క్లోమం ఎప్పుడో పాడైందనీ డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడా గ్లాసు నా కొడుకు ముందుకొస్తోంది.

3. అన్నయ్యకి నా ఆఖరి చొక్కా. ఇప్పటి నా ఒంటి కొలతలకే కుట్టాను. భుజాలు చిన్నపిల్లాడివి, పొట్ట నిండు చూలాలిది. తొడుక్కుని అద్దంలో చూసుకోమనండి. ఇంకేదీ, విరిగిన సూదితో సహా, ఆయనకి చెందదు.

4. కొడుక్కి కుట్టుమిషను. నూనె వేస్తూ ఉండు. అలగకు నాన్నా. గది నీ పేర రాస్తే పెదనాన్న మాట కాదనలేవు. నేనూ అనలేకపోయాను.

5. మనవరాలికి బొత్తాల డబ్బా. మెరిసేవి అడుగున దాచాను. బొత్తాలకి కాజాలు కుట్టడం వాళ్ళమ్మ నేర్పుతుంది.

6. నన్ను సాగనంపిన మర్నాడే ఆ వెనక తలుపు పీకించి, గోడ కట్టించాలి. ఎదురింటి ఇస్త్రీ ఆయన దగ్గరుండి చేయించాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే. తాపీమేస్త్రీకి కూలి ముందే ఇచ్చేశాను. ఇటుకలు నా మంచం పక్కన పేర్పించి, పైన దుప్పటి పరిచి ఉంచాను. అన్నయ్య రోజూ వచ్చి వాటి మీదే కూర్చుని, "ఎలా ఉందిరా తమ్ముడూ" అని అడుగుతున్నాడు.

చదివి, సరిగ్గా ఉందని చూసుకుని, మార్చి పదకొండో తేదీ ఉదయం సంతకం చేశాను.

(సంతకం) దర్జీ

సాక్షులు:
1. తాపీమేస్త్రీ
2. ఆసుపత్రి కాంపౌండరు